ఏథెన్స్ ప్రజాసభ రెండు తీర్పులు: క్రీ.పూ. 427



ప్రాచీన గ్రీకు నాగరికత అనగానే మీకు ముందుగా ఏమేం గుర్తుకు వస్తాయో ఊహించగలను. సోక్రటీస్, ప్లేటో, అరిస్టాటిల్, ఒలింపిక్ క్రీడలు, కొండ మీద పాలరాతి పార్థినాన్ ఆలయం, వీటన్నిటితోపాటు ప్రజాస్వామ్యానికి పుట్టినిల్లు అనే మాట. పరీక్షలో ఇవి రాస్తే మార్కులు వస్తాయి. కాస్త పై తరగతులకు వచ్చేసరికి ఇంకో మాట కూడా నేర్చుకుంటారు. ఏథెన్స్‌లో బానిసలుండేవారు, స్త్రీలకు ఓటు లేదు, కాబట్టి అది నిజమైన ప్రజాస్వామ్యం కాదు అని. దీనికీ మార్కులు వస్తాయి. మొదటిది పొగడ్త, రెండోది తెగడ్త. రెండూ నిజాలే కావచ్చు కానీ, రెండింటిలోనూ ఆలోచించే శ్రమ మనకు తప్పిపోతోంది.

ఈ పాఠంలో గ్రీకు నాగరికత మొత్తాన్ని చుట్టి రాబోవడం లేదు. ఒకే ఒక్క సంఘటనను తీసుకుందాం. క్రీ.పూ. 427 వేసవిలో ఒకరోజు ఏథెన్స్ ప్రజాసభ సమావేశమై, తమకు లొంగిపోయిన మిటిలీన్ అనే నగరంలో వయసు వచ్చిన మగవాళ్లందరినీ చంపాలని, ఆడవాళ్లనూ పిల్లలనూ బానిసలుగా చేయాలని తీర్మానించింది. ఆ ఉత్తరువుతో ఓడ బయలుదేరింది. మర్నాడు అదే సభ మళ్లీ కూర్చుంది. అదే విషయాన్ని మళ్లీ చర్చించి తీర్మానం మార్చుకుంది. మొదటి ఓడను అందుకోవడానికి రెండో ఓడ బయలుదేరింది.

చరిత్ర విద్యార్థి ఇక్కడ రెండు ప్రశ్నలు వేయాలి. అసలేం జరిగింది, అది మనకెలా తెలిసింది అన్నది ఒకటి. వాళ్లు చేసింది ధర్మమేనా అన్నది రెండోది. ఈ రెండో ప్రశ్న చరిత్రకారుడి పని కాదు, దాన్ని నీతిశాస్త్రం వాళ్లకు వదిలేయాలి అనేవారున్నారు. నేను అలా అనుకోను. తప్పొప్పులు తేల్చాలంటే ఎవరు, ఏం తెలిసి, ఏ దారులు తమ ముందున్నప్పుడు నిర్ణయం తీసుకున్నారో ముందు తెలియాలి. అది చరిత్ర చెప్పాల్సిందే. అలాగే, ధర్మాధర్మాల ప్రశ్న మనసులో లేకపోతే, ఉన్న వేల వివరాల్లో దేన్ని వెతకాలో కూడా తోచదు.

మిటిలీన్ ఎందుకు తిరగబడింది?

మిటిలీన్ లెస్బోస్ ద్వీపంలోని ప్రధాన నగరం. నేటి టర్కీ తీరానికి బాగా దగ్గర. పర్షియన్ల మీద యుద్ధాన్ని కొనసాగించడానికి క్రీ.పూ. 478లో ఏథెన్స్ నాయకత్వాన ఏర్పడిన కూటమిలో అది మొదటినుంచీ ఉంది. ఆ కూటమి ఖజానా డెలోస్ ద్వీపంలో ఉండేది కనుక దాన్ని డెలోస్ కూటమి అంటారు. కొన్ని నగరాలు ఓడలిచ్చేవి, కొన్ని డబ్బిచ్చేవి. కాలం గడిచేకొద్దీ ఓడలిచ్చేవి తగ్గాయి, డబ్బు కట్టేవి పెరిగాయి. క్రీ.పూ. 454లో ఖజానా ఏథెన్స్‌కు మారింది. వచ్చిన డబ్బులో అరవయ్యో వంతు అథీనా దేవతకు ఇచ్చేవారు. ఆ లెక్కలు చెక్కిన రాళ్లు ముక్కలుగా నేటికీ ఉన్నాయి. మిత్రుల చందా క్రమంగా ఎలా కప్పంగా మారిందో ఆ రాళ్ల మీద చదువుకోవచ్చు.

క్రీ.పూ. 428 నాటికి సొంత నౌకాదళం మిగుల్చుకున్న సభ్యులు లెస్బోస్, కియోస్ ద్వీపాల వారు మాత్రమే. మిగతావాళ్ల గతి చూసి రేపు మన వంతు వస్తుందని మిటిలీన్ పాలకులు భయపడ్డారు. ఒలింపియాలో స్పార్టా వాళ్ల ముందు వారి రాయబారులు చెప్పుకున్నది ఇదే. పర్షియా నుంచి గ్రీకులను విడిపించడానికి మేము కూటమిలో చేరాం, గ్రీకులను ఏథెన్స్‌కు బానిసలు చేయడానికి కాదు అన్నారు. న్యాయమైన ఫిర్యాదే. అయితే లెస్బోస్‌లోని ఇతర ఊళ్లను తమ నగరం కిందికి తెచ్చుకోవాలన్న ఆశ కూడా వాళ్లకుంది. ఈ విషయాన్ని వాళ్లు ఒలింపియాలో చెప్పలేదు. మిటిలీన్‌లో అధికారం కొద్దిమంది సంపన్నుల చేతిలో ఉండేదన్నది కూడా గుర్తుంచుకోండి. ముందు ముందు ఈ సంగతితో మనకు పని ఉంది.

ఏథెన్స్ పరిస్థితి ఎలా ఉంది? స్పార్టాతో యుద్ధం క్రీ.పూ. 431లో మొదలైంది. మరుసటి ఏడాది మహమ్మారి వచ్చి నగరంలో శవాల గుట్టలు పడ్డాయి. 429లో పెరిక్లీస్ చనిపోయాడు. అలాంటి సమయంలో, కప్పం కట్టకుండా గౌరవంగా బతుకుతున్న మిత్రుడే తిరగబడ్డాడు. ముట్టడి ఖర్చు కోసం ఏథెన్స్ పౌరులు తమ ఆస్తుల మీద తామే పన్ను వేసుకుని 200 టాలెంట్లు పోగు చేయాల్సి వచ్చింది. పాకెస్ అనే సేనాని వెయ్యిమంది కాల్బలంతో వెళ్లి మిటిలీన్ చుట్టూ గోడ కట్టించాడు. ఆ సైనికులే ఓడల తెడ్లు కూడా వేసుకుంటూ వెళ్లారట. డబ్బుకు ఎంత కటకటగా ఉందో దీన్నిబట్టి తెలుస్తుంది.

స్పార్టా సాయానికి పంపిన నౌకాదళం దారిలో కాలయాపన చేసింది. నగరంలో తిండి అయిపోయింది. అప్పుడు స్పార్టా తరఫున లోపలికి వచ్చిన సలేథస్ అనేవాడు, బయటికి వెళ్లి పోరాడదామని సామాన్యులకు కూడా భారీ ఆయుధాలు పంచిపెట్టించాడు. ఆయుధం చేతికి రాగానే సామాన్యులు పాలకుల మాట వినడం మానేశారు. దాచిన ధాన్యం బయటికి తీసి అందరికీ పంచండి, లేదంటే మేమే ఏథెన్స్‌తో మాట్లాడుకుని నగరం అప్పగిస్తాం అన్నారు. పాలకులు దిక్కుతోచక లొంగిపోయారు. మిటిలీన్ విషయంలో ఏం చేయాలో ఏథెన్స్ ప్రజలే నిర్ణయిస్తారు. వాళ్ల దగ్గరికి వెళ్లిన రాయబారులు తిరిగి వచ్చేదాకా పాకెస్ ఎవరినీ చంపడు, బంధించడు, బానిస చేయడు. ఇదీ ఒప్పందం.

సాక్షి ఎవరు?

ఈ కథంతా మనకు ప్రధానంగా ఒకే మనిషి ద్వారా తెలుసు. థ్యుసిడిడీస్ ఏథెన్స్ పౌరుడు. మహమ్మారి సోకి బతికి బయటపడినవాడు. క్రీ.పూ. 424లో తానే సేనానిగా ఉండి, ఆంఫిపోలిస్ నగరాన్ని కాపాడలేకపోయినందుకు ఇరవై ఏళ్లు ప్రవాసం అనుభవించాడు. ప్రవాసంలో ఉండడం వల్ల రెండు పక్షాల వారితోనూ మాట్లాడే వీలు కలిగిందని ఆయనే చెప్పుకున్నాడు.

తన పుస్తకంలోని ప్రసంగాల గురించి ఆయన ముందే ఒక హెచ్చరిక చేశాడు. ఎవరు ఏ మాటలన్నారో ఉన్నదున్నట్టు గుర్తుపెట్టుకోవడం తనకూ, తనకు చెప్పినవారికీ కష్టమైందనీ, అందువల్ల ఆ సందర్భానికి తగినట్టు వాళ్లు ఏం మాట్లాడి ఉండాలని తనకు తోచిందో అది రాశాననీ, అయితే నిజంగా చెప్పిన మాటల సారాంశానికి వీలైనంత దగ్గరగా ఉన్నాననీ అన్నాడు. ఈ హెచ్చరికను మీరు మరిచిపోకూడదు. మనం ఇప్పుడు వినబోయే రెండు ప్రసంగాలు రికార్డు చేసినవి కావు. అలాగని కేవలం కల్పనలూ కావు.

ఇంకొక జాగ్రత్త. చంపాలని వాదించిన క్లియోన్ అంటే థ్యుసిడిడీస్‌కు గిట్టదు. పౌరులందరిలోకీ అతి దౌర్జన్యపరుడని, ఆనాడు ప్రజలను అందరికంటే బాగా ఒప్పించగలవాడని పరిచయం చేస్తాడు. క్లియోన్ గురించి మాట్లాడిన మరో సమకాలికుడు హాస్యనాటకకర్త అరిస్టోఫనీస్. ఆయనకూ క్లియోన్ శత్రువే, క్రీ.పూ. 424లో ప్రదర్శించిన నాటకంలో అతణ్ణి యజమానిని మాయచేసే బానిసగా చిత్రించాడు. అంటే క్లియోన్ మనకు తన విరోధుల నోటి ద్వారానే తెలుసు. తను రాసినది ఒక్క ముక్క కూడా మిగల్లేదు. ఒక మనిషి గురించి ఇద్దరు సాక్షులు ఒకే మాట చెబితే నిజం అనుకుంటాం. ఆ ఇద్దరూ అతని పగవాళ్లే అయితే? క్లియోన్ మంచివాడని అనడానికి ఇది ఆధారం కాదు కానీ, అతని వాదనను మాత్రం అతని స్వభావంతో సంబంధం లేకుండా తూకం వేయాలి.

చర్చ

పాకెస్ పంపిన సలేథస్‌ను ఏథెన్స్ వాళ్లు వెంటనే చంపేశారు. తర్వాత ప్రజాసభ కూర్చుంది. ఏథెన్స్‌లో ఆనాటి పురుష పౌరులు 30 వేల నుంచి 60 వేల దాకా ఉండి ఉంటారని చరిత్రకారుల అంచనా. సభ జరిగే నిక్స్ కొండ మీద పట్టేది సుమారు 6 వేల మంది. కోపంతో ఉన్న ఆ జనం, తిరుగుబాటు చేసినవాళ్లు ఎవరు, చేయనివాళ్లు ఎవరు అని చూడకుండా మొత్తం నగరానికి మరణశిక్ష వేశారు. పాకెస్‌కు ఉత్తరువు తీసుకుని ఓడ వెళ్లిపోయింది.

తెల్లవారేసరికి చాలామందికి మనసు మారింది. తప్పు చేసినవాళ్లతోపాటు ఊరు ఊరంతా నాశనం చేయడం క్రూరమనిపించింది. ఏథెన్స్‌లో ఉన్న మిటిలీన్ రాయబారులు, వాళ్ల తరఫున నిలబడిన కొందరు ఏథెన్స్ వాసులు ఇది గ్రహించి అధికారులను కదిలించారు. సభ మళ్లీ పెట్టారు.

క్లియోన్ లేచాడు. అతని వాదన ఇదీ. ప్రజాస్వామ్యం ఇతరులను ఏలలేదని నాకు ముందే తెలుసు, ఇప్పుడు మీరు దాన్ని రుజువు చేస్తున్నారు. మీ సామ్రాజ్యం నియంతృత్వమేనని మీరు మరిచిపోతున్నారు. మీ మీద ప్రేమతో ఎవరూ మీకు లొంగి ఉండటం లేదు, మీ బలం చూసి ఉన్నారు. పూటకో చట్టం మార్చే నగరం కంటే, చెడ్డ చట్టాలనైనా స్థిరంగా పాటించే నగరం మేలు. మీరు ప్రసంగాలను నాటకం చూసినట్టు చూస్తున్నారు. ఎవరు బాగా మాట్లాడారన్నదే మీకు కావాలి. మిటిలీన్‌ను మనం అందరికంటే ఎక్కువ గౌరవించాం, వాళ్లు మనకు కీడు తలపెట్టారు. సామాన్యులు కూడా అందులో కలిసినవాళ్లే. జాలి, మాటల మీద మోజు, ఉదారత, ఈ మూడూ సామ్రాజ్యానికి చేటు.

ఈ వాదనను తేలిగ్గా తీసిపారేయకండి. అందులో ఒక మాట నన్ను ఎప్పుడూ ఇబ్బంది పెడుతుంది. సామ్రాజ్యం కావాలి, దానితోపాటు మంచివాళ్లమన్న పేరూ కావాలి అనుకునేవారిని క్లియోన్ నిలదీస్తున్నాడు. కప్పం తీసుకునేటప్పుడు లేని సంకోచం శిక్షించేటప్పుడు ఎందుకు అంటున్నాడు. ఆ ప్రశ్న దుర్మార్గుడు వేసినా ప్రశ్న ప్రశ్నే.

తర్వాత డియోడోటస్ లేచాడు. యూక్రటీస్ కొడుకు, ముందురోజు సభలో కూడా చంపవద్దని వాదించినవాడు. ఇంతకు మించి ఆయన గురించి చరిత్రలో ఒక్క అక్షరం లేదు. ఆయన జాలి గురించి మాట్లాడతాడని మనం ఎదురుచూస్తాం. మాట్లాడలేదు. జాలిని నమ్ముకోవద్దని తనే చెప్పాడు. ఇది న్యాయస్థానం కాదు, వాళ్లు నేరస్థులా కాదా అన్నది కాదు మనం తేల్చేది, మనకు ఏది లాభం అన్నది అన్నాడు. మరణశిక్షలు ఎన్ని పెట్టినా మనుషులు తప్పులు చేస్తూనే ఉన్నారు. ఆశ, కోరిక ముందుకు తోసినప్పుడు ఏ శిక్షా ఆపలేదు. రేపు ఇంకో నగరం తిరగబడిందనుకోండి. లొంగినా చావే, లొంగకపోయినా చావే అని తెలిస్తే ఆఖరిదాకా పోరాడుతుంది. ముట్టడి ఖర్చు మనకు, చివరికి దక్కేది పాడుబడిన ఊరు, కప్పం కట్టేవాడు ఉండడు. ఇప్పుడు ప్రతి నగరంలోనూ సామాన్యులు మన పక్షం. మిటిలీన్ సామాన్యులు ఆయుధాలు చేతికి రాగానే నగరాన్ని మనకు అప్పగించారు. వాళ్లను చంపితే, మేలు చేసినవాళ్లను చంపిన అన్యాయం చేసినవాళ్లమవుతాం. పైగా ఇకమీదట ఎక్కడ తిరుగుబాటు జరిగినా సామాన్యులు సంపన్నులతోనే చేరిపోతారు.

మొత్తం ప్రసంగంలో అన్యాయం అన్న మాటను ఆయన తన వాదనకు ఆధారంగా వాడింది ఆ ఒక్క చోటే, అదీ లాభనష్టాల లెక్కల మధ్య. అందుకే ఆయన నిజంగా ఏమనుకున్నాడన్నది పండితుల మధ్య తెగని వాదం. అనుమానాలతో నిండిన సభలో మంచి సలహా ఇచ్చేవాడు కూడా అబద్ధమాడితే తప్ప నమ్మరని ప్రసంగం మొదట్లో ఆయనే అన్నాడు. దీన్నిబట్టి, కరుణతోనే లేచాడు కానీ కోపంగా ఉన్న జనానికి అర్థమయ్యే భాషలో మాట్లాడాడని కొందరంటారు. కాదు, ఆయన కూడా సామ్రాజ్యవాదే, లెక్క తెలిసిన సామ్రాజ్యవాది అని మరికొందరు. నా మొగ్గు మొదటి పక్షం వైపు. రెండోదాన్ని కాదనే రుజువు మాత్రం నా దగ్గర లేదు.

పశ్చాత్తాపమూ అధికారమూ ఇలా పక్కపక్కన ఉండటం మన చరిత్రలోనూ ఉంది. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి పదమూడో శాసనం చదవండి. కళింగ యుద్ధంలో లక్ష మంది చనిపోయారని, లక్షా యాభై వేల మందిని తరలించుకుపోయారని తనే చెప్పుకుని బాధపడ్డ చక్రవర్తి, అదే శాసనంలో అడవి జనాలకు, పశ్చాత్తాపంలో ఉన్నా నా బలం నాకుందని గుర్తు చేస్తాడు. ఆ శాసనపు తొలిభాగం గ్రీకు భాషలో చెక్కిన రాయి 1963లో కాందహార్‌లో దొరికింది. అంటే గ్రీకు చదివేవాళ్లకు ఆ పశ్చాత్తాపం తెలిసింది. దెబ్బతిన్న కళింగ నేల మీద ఉన్న ధౌలి, జౌగడ శాసనాల్లో మాత్రం పదమూడోది లేదు. పశ్చాత్తాపాన్ని ఎవరికి చెప్పారు, ఎవరికి చెప్పలేదు అని కూడా చరిత్ర విద్యార్థి అడగాలి. ఇక ఏథెన్స్‌కు తిరిగి వద్దాం.

చేతులెత్తి ఓటు వేశారు. రెండు పక్షాలూ దాదాపు సమానంగా వచ్చాయి. డియోడోటస్ స్వల్ప తేడాతో నెగ్గాడు.

ఓడలు

వెంటనే రెండో ఓడను పంపారు. మొదటిదానికీ దీనికీ సుమారు ఒక పగలూ ఒక రాత్రీ తేడా. ఏథెన్స్ రేవు పైరియస్ నుంచి మిటిలీన్‌కు సముద్రం మీద సుమారు 340 కిలోమీటర్లు. ఈ ఓడల్లో మూడు వరుసల్లో 170 మంది తెడ్లు వేసేవారు. మామూలుగా తిండికీ నిద్రకూ ఒడ్డుకు చేరేవారు, ఎందుకంటే ఓడలో పడుకునే చోటు కూడా ఉండదు. ఈసారి ఒడ్డుకు చేరలేదు. మిటిలీన్ రాయబారులు వాళ్లకు వైను, బార్లీ పిండి సమకూర్చి, ముందుగా చేరితే పెద్ద బహుమానం ఇస్తామన్నారు. వైనుతో, నూనెతో కలిపిన పిండిని తెడ్డు వేస్తూనే తిన్నారు. వంతులవారీగా కునుకు తీశారు. అదృష్టవశాత్తూ ఎదురుగాలి లేదు.

ఇక మొదటి ఓడ. అది అంత దారుణమైన పని మీద వెళ్తోంది కనుక తొందరపడకుండా నెమ్మదిగా వెళ్లిందని థ్యుసిడిడీస్ రాశాడు. ఒక్క వాక్యమే. ఆ తెడ్లు వేసినవాళ్లలో ఎక్కువమంది పేదలై ఉంటారు. వాళ్ల పేర్లు ఏ రాయి మీదా లేవు, వాళ్ల ప్రసంగం ఏ పుస్తకంలోనూ లేదు. సభలో ఓడిపోయిన అభిప్రాయం వాళ్ల చేతుల్లో ఇంకా బతికే ఉంది.

పాకెస్ ఉత్తరువు చదివి, అమలు చేయబోతున్న సమయానికి రెండో ఓడ రేవులోకి వచ్చింది.

పాఠ్యపుస్తకాలు చాలావరకు ఇక్కడ ఆపేస్తాయి. మీరు ఆపకండి. తిరుగుబాటుకు ముఖ్యకారకులని పాకెస్ ఏథెన్స్‌కు పంపిన వాళ్లందరినీ క్లియోన్ ప్రతిపాదన మీద చంపేశారు. వాళ్ల సంఖ్య వెయ్యికి కొంచెం పైన అని గ్రంథంలో ఉంది. చేతిరాత ప్రతులు తీసేటప్పుడు అంకె మారి ఉంటుందని, అంతమంది ఉండరని కొందరు పండితులు అనుమానిస్తారు. ఏమైనా, విచారణ జరిపినట్టు మాత్రం ఎక్కడా లేదు. మిటిలీన్ గోడలు కూల్చారు, ఓడలు లాక్కున్నారు. ఒక్క మెథిమ్నా ఊరిది తప్ప ద్వీపంలోని భూమిని 3,000 భాగాలు చేసి, 300 దేవతలకు పెట్టి, మిగతావి చీటీలు వేసి ఏథెన్స్ పౌరులకు ఇచ్చారు. లెస్బోస్ రైతులు అదే భూమిని దున్నుతూ భాగానికి ఏటా రెండు మినాలు, అంటే 200 డ్రాక్మాలు కట్టాలి. ఆ రోజుల్లో యుద్ధనౌకలో పనిచేసేవాడి మంచి రోజుకూలి ఒక డ్రాక్మా. లెక్క మీరే వేసుకోండి. నగరాన్ని అప్పగించారని డియోడోటస్ పొగిడిన సామాన్యుల్లో ఎంతమంది తమ పొలంలో తామే కౌలుదార్లయ్యారో!

ఇక్కడ మనకు రెండో సాక్ష్యం కూడా ఉంది. కొన్నేళ్లు గడిచాక మిటిలీన్ యువకుడొకడు హత్యానేరం మీద ఏథెన్స్ కోర్టులో నిలబడ్డాడు. అతని కోసం ఆంటిఫోన్ రాసిపెట్టిన ప్రసంగం నిలిచింది. మీరు దోషులను శిక్షించి, మిగతా మిటిలీన్ వాళ్లను తమ నేల మీద నిర్భయంగా బతకనిచ్చారు అంటాడు అందులో. థ్యుసిడిడీస్ చెప్పిన భూముల పంపకానికీ దీనికీ పొత్తు ఎలా కుదురుతుంది? ప్రాణం కాపాడుకోవడానికి న్యాయనిర్ణేతలను మెప్పించాల్సిన మనిషి మాటలివి అని గుర్తుంచుకుంటే కొంత అర్థమవుతుంది.

ఆ కాలం అలాంటిది అనవచ్చా?

ఇలాంటి సంఘటనలు చెప్పినప్పుడల్లా తరగతిలో ఎవరో ఒకరు లేచి, ఆ కాలం అలాంటిది సార్, మన కొలబద్దతో వాళ్లను కొలవకూడదు అంటారు. ఈ మాటలో కొంత వివేకం ఉంది. యుద్ధంలో లొంగినవాళ్ల రక్షణకు 1949 నాటి జెనీవా ఒప్పందాలు మనకున్నాయి, వాళ్లకు లేవు.

కానీ మిటిలీన్ విషయంలో మన కొలబద్ద అవసరమే లేదు. అదే కాలంలో, అదే కొండ మీద, అదే మనుషులు ఒక్క రాత్రి గడిచేసరికి తమ తీర్పు క్రూరమని గుర్తించారు. లొంగి చేతులు చాచినవాణ్ణి చంపకూడదన్నది గ్రీకుల ఆచారమని, అదే వేసవిలో స్పార్టాకు లొంగిన ప్లటేయా నగరవాసులు మొరపెట్టుకున్నారు. స్పార్టా పంపిన ఐదుగురు న్యాయనిర్ణేతలు వాళ్లను అడిగింది ఒకే ప్రశ్న. ఈ యుద్ధంలో మాకూ మా మిత్రులకూ మీరు చేసిన మేలేమైనా ఉందా? లేదన్నవాళ్లను ఒక్కొక్కరినీ తీసుకెళ్లి చంపారు. ప్లటేయా వాళ్లు 200 మందికి తక్కువ కాకుండా, వాళ్లతో ఉన్న ఏథెన్స్ వాళ్లు 25 మంది. ఆచారం ఉంది, దాన్ని తెలిసే తప్పారు. కాబట్టి ఒక కాలాన్ని కొలిచేటప్పుడు, ఆ కాలంలోనే ఎవరైనా కాదన్నారా, వాళ్ల మాట ఎంతదూరం వినబడింది అని ముందు వెతకండి.

ఈ పద్ధతికి కూడా ఒక హద్దుంది. మిటిలీన్ ఆడవాళ్లనూ పిల్లలనూ బానిసలుగా చేయడం మొదటి తీర్మానంలో ఉంది కదా. మనకు మిగిలిన రెండు ప్రసంగాల్లోనూ వాళ్ల ప్రస్తావనే లేదు. క్లియోన్‌కు గానీ డియోడోటస్‌కు గానీ అది వాదించాల్సిన విషయం అనిపించలేదు. బానిసత్వం ప్రకృతి విరుద్ధమని, కేవలం మనుషులు పెట్టుకున్న కట్టుబాటని అనేవారు కొందరున్నారని వందేళ్ల తర్వాత అరిస్టాటిల్ రాశాడు, వాళ్లతో తాను ఏకీభవించకపోయినా. అలాంటి గొంతు క్రీ.పూ. 427 నాటి సభలో మనకు వినిపించదు. అక్కడ మనం మాట్లాడేది ఆనాటి మనుషుల మనస్సాక్షి గురించి కాదు, ఆ సభలోకి రానివ్వని వాళ్ల గురించి.

రెండో ఓడ కథ విని ఏథెన్స్ పాఠం నేర్చుకుందని అనుకోకండి. క్రీ.పూ. 421లో స్కియోనే నగరం లొంగినప్పుడు, అంతకు రెండేళ్ల ముందే క్లియోన్ నెగ్గించిన తీర్మానం ప్రకారం మగవాళ్లను చంపి, ఆడవాళ్లనూ పిల్లలనూ బానిసలు చేశారు. 416లో మొదలైన ముట్టడి చివర, ఏ పక్షంలోనూ చేరం అన్న మెలోస్ ద్వీపానికి అదే గతి పట్టింది. అప్పటికి క్లియోన్ చనిపోయి ఆరేళ్లయింది. కాబట్టి నేరమంతా ఒక్క క్లియోన్ మీద వేసి ఊరుకోవడానికి లేదు. ఆ రెండుసార్లూ రెండో సభ జరిగినట్టు థ్యుసిడిడీస్ రాయలేదు.

క్రీ.పూ. 405లో ఏథెన్స్ తన చివరి నౌకాదళాన్ని పోగొట్టుకుంది. ఆ వార్త తెచ్చిన ఓడ రాత్రివేళ పైరియస్ చేరింది. ఒకరి నుంచి ఒకరికి వార్త పాకుతూ, రేవు నుంచి పొడవాటి గోడల వెంట నగరందాకా ఏడుపు వినిపించిందని, ఆ రాత్రి ఎవరూ నిద్రపోలేదని జెనోఫోన్ రాశాడు. చనిపోయినవాళ్ల కోసమే కాదు, మెలోస్ వాళ్లకూ, స్కియోనే వాళ్లకూ, ఇంకా ఫలానా ఫలానా నగరాలకూ తాము చేసింది ఇక తమకు జరుగుతుందని భయపడ్డారట. ఆ పేర్ల వరసలో మిటిలీన్ లేదు.

మరుసటి ఏడాది కొరింత్, థీబ్స్ నగరాలు ఏథెన్స్‌ను నామరూపాల్లేకుండా చేయాలని పట్టుబట్టాయి. స్పార్టా ఒప్పుకోలేదు. గ్రీసు మహాపదలో ఉన్నప్పుడు, అంటే పర్షియన్ల దండయాత్రలప్పుడు, ఎంతో మేలు చేసిన నగరాన్ని బానిసత్వంలోకి నెట్టలేమని చెప్పింది. ప్లటేయాలో మీరు మాకేం మేలు చేశారని అడిగి చంపిన స్పార్టాయే ఇది. ఏథెన్స్ ఖాళీ అయితే పక్కనున్న థీబ్స్ మరీ బలపడుతుందన్న లెక్క వల్లే అలా అన్నదని చాలామంది చరిత్రకారులు భావిస్తారు. ఆ మాటనూ, ఆ లెక్కనూ పక్కపక్కన పెట్టుకుని, డియోడోటస్ ప్రసంగాన్ని చదివిన పద్ధతిలోనే మీరు చదవండి. ఏది కారణమో, ఏది సాకో మీ నోటుపుస్తకంలో ఒక పేజీ రాసి, పక్కవాళ్లు రాసినదానితో పోల్చి చూడండి.